కీలు మార్పిడి పిమ్మట ఆకలియు, బరువును



"ఆపరేషను బాగానే జరిగింది గాని, అన్నం సయించటం లేదండీ" అను మాట మోకాలి కీలు మార్పించుకొని వచ్చినవారి యిండ్లలో తరచుగా వినబడుచుండును. పరామర్శకు వచ్చినవారు పండ్లు చేతికిచ్చి, నొప్పి యెట్లున్నది, నడక యెట్లున్నది, కుట్లు ఎప్పుడు తీయుదురు అని అడుగుదురు. తిండి సంగతి అడుగువారు తక్కువ. అడిగినవారును "ఏదో, చారన్నం నాలుగు ముద్దలు" అను జవాబుతో తృప్తి పడుదురు. ఆ నాలుగు ముద్దల సంగతియే నేటి నా ప్రసంగ విషయము. నేను వైద్యుడను కాను. వైద్యులను, వ్యాయామ చికిత్స చేయించు ఫిజియోథెరపిస్టులను అడిగి, పుస్తకములు చూచి తెలిసికొన్న విషయములను, మా బంధువుల యింట కన్నులార చూచిన దానిని మీ ముందుంచుచున్నాను.

1962లో ఇంగ్లండునందలి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అను శస్త్రవైద్యుడు, అరిగిన తుంటికీలును తీసివేసి, లోహపు గుండు ఒక గట్టి ప్లాస్టిక్ గిన్నెలో కదలునట్లు అమర్చి, నేటి కీలు మార్పిడికి బాట వేసెను. 1970 దశకములో మోకాలికి తగిన కీళ్ళు వచ్చినవి. ఒకప్పుడు హైదరాబాదుకో మద్రాసుకో పోయి చేయించుకొనవలసిన ఈ చికిత్స నేడు మన జిల్లాల పట్టణములలో సైతము జరుగుచున్నది. ఆపరేషను నాడో, మరునాడో రోగిని లేపి నడిపించుచున్నారు. కొద్ది దినములలోనే ఇంటికి పంపుచున్నారు. అనగా కోలుకొనుటలో అధిక భాగము ఆసుపత్రిలో గాక మన యింట, మన వంటింటి చేతిమీదుగా జరుగుచున్నదన్న మాట.

ఇంటికి వచ్చిన మొదటి వారములో ఎవరైన కాటా యెక్కి చూచుకొన్నచో వింతగా తోచును. తిండి లేదు గదా, బరువు తగ్గవలెను. కాని రెండు మూడు కిలోలు పెరిగియుండవచ్చును. కొందరు "లోపల పెట్టిన ఇనుము బరువు కాబోలు" అని తమలో తాము సమాధానము చెప్పుకొందురు. ఆ కీలు బరువు సుమారు అర కిలోకు మించదు. దానికి చోటు చేయుటకై కోసి తీసిన ఎముక బరువును అందులోనుండి తీసివేయవలెను. అసలు కారణము నీరు. ఒక లీటరు సెలైను ఎక్కించినచో ఒక కిలో నీరును, 9 గ్రాముల ఉప్పును శరీరములో చేరును. దెబ్బ తగిలిన శరీరము నీటిని, ఉప్పును విడువక పట్టి యుంచుకొనుటకు చూచును. కాలి వాపు సరేసరి. ఈ నీరు ఒకటి రెండు వారములలో చాలవరకు మూత్రము ద్వారా పోవును. కాలి వాపు మాత్రము నెలల తరబడి కొద్దికొద్దిగా ఉండిపోవచ్చును. కావున మొదటి పది దినముల కాటా లెక్కను చూచి సంతోషింపను రాదు, దిగులు పడను రాదు.

నీరు పోయిన తరువాత బయటపడు లెక్కయే అసలు లెక్క. దీనిని మొదట శ్రద్ధగా పరిశీలించినది గ్లాస్గో నగరమునందలి డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు. 1930 ప్రాంతమున ఆయన కాళ్ళ ఎముకలు విరిగి ఆసుపత్రిలో పడియున్న వారి మూత్రమును దినదినము పరీక్షించెను. అందు నత్రజని మితిమీరి పోవుచుండుట కనబడెను. నత్రజని మాంసకృత్తులు కరగినప్పుడు బయటికి వచ్చు పదార్థము. గాయపడిన చోటనున్న కండ యంతయు కరగినను అంత నత్రజని రాజాలదని ఆయన లెక్క కట్టెను. ఇక అది ఎక్కడినుండి వచ్చినట్లు? శరీరమందలి కండరములన్నిటి నుండియు. గాయమును మాన్పుకొనుటకై దేహము తన కండను తానే కరగించి వాడుకొనుచున్నదని అట్లు తేలినది. రోగికి మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారము పెట్టి చూచినప్పుడు ఈ నష్టము పూర్తిగా ఆగలేదు గాని, తగ్గినది. గృహిణులు గుర్తుంచుకొనవలసినది ఈ కడపటి ముక్క.

లెక్క ఎంత యగునో చూడుడు. ఒక గ్రాము నత్రజని నష్టమైనచో సుమారు 30 గ్రాముల కండ పోయినట్లు. దినమునకు 5 గ్రాముల చొప్పున పది దినములు పోయినచో కిలోన్నర కండ. అరువది యేండ్లు దాటిన మనిషికి కండ అంత సులభముగా తిరిగి రాదు. పైగా మోకాలి ఆపరేషను జరిగినవారిలో తొడ ముందరి భాగపు కండరము మొదటి నెలలో తన బలమును సగమో, అంతకు మించియో కోల్పోవును. కుర్చీలోనుండి లేచుటకు, మెట్లు ఎక్కుటకు, పడిపోకుండ నిలద్రొక్కుకొనుటకు ఆధారము ఆ కండరమే. కీలు ఎంత చక్కగా అమరినను, దానిని ఆడించు కండ లేనిచో తలుపునకు క్రొత్త బందులు వేసి, తలుపు త్రోయుటకు చేతిలో సత్తువ లేనట్లే.

మరి ఇంత అవసరమైన సమయమున ఆకలి యెందుకు చచ్చును? కారణములు ఒకటి కాదు. గాయమైనప్పుడు రక్తములోనికి వచ్చు కొన్ని పదార్థములు మెదడును చేరి ఆకలిని అణచును. జ్వరము వచ్చినప్పుడు అన్నము వెగటగుటయు ఇందువలననే. మత్తుమందు, రక్తము తగ్గుట, నిద్ర చెడుట ఉండనే యున్నవి. అన్నిటికంటె ముఖ్యమైనవి మాత్రలు. ట్రమడాల్ వంటి గట్టి నొప్పి మందులు కడుపులో వికారమును కలిగించును, ప్రేగుల కదలికను మందగింపజేయును. ఇనుము మాత్రలు మలబద్ధకమును ఇంకను పెంచును. మూడు దినములు విరేచనము కాని మనిషికి ఎదుట పంచభక్ష్యములు పెట్టినను నోరు తెరవడు. మరికొన్ని నొప్పి మాత్రలు భోజనము చేసిన పిమ్మట వేసికొనవలసినవి. అన్నము తినక వాటిని మాత్రము మింగుటచే కడుపులో మంట బయలుదేరి, ఆ మంటచేత మరునాడు తిండి మరింత తగ్గును. ఈ వలయమును వైద్యునితో చెప్పి త్రెంచుకొనవలెను. మాత్ర మార్చుటయో, విరేచనమునకు మందిచ్చుటయో ఆయనకు చిన్న పని. చెప్పనిచో ఆయనకు తెలియదు. మనవారు నొప్పిని గూర్చి చెప్పినంత ధారాళముగా విరేచనమును గూర్చి చెప్పరు!

సాధారణముగ ఆకలి రెండు మూడు వారములలో మెల్లగా మరలును. కొందరికి నెల పైబడును. ఈ నడుమనే మన యిండ్లలో పథ్యము వచ్చి కూర్చుండును.

మా మేనత్తగారొకరు తెనాలి దగ్గరి పల్లెలో ఉందురు. అరువది యారవ యేట ఆమెకు కుడి మోకాలి కీలు మార్చిరి. శస్త్రము నిరపాయముగా జరిగినది. ఇంటికి వచ్చిన నాటినుండి ఆమెకు ఉదయము రెండు రొట్టె ముక్కలు, పలుచని పాలు. మధ్యాహ్నము చారన్నము, బీరకాయ కూర. రాత్రి మరల రొట్టె ముక్కలు. పప్పు పెట్టినచో కుట్లు చీము పట్టునని ప్రక్కింటివారు చెప్పిరి. గ్రుడ్డు వేడి, పెరుగు వాతము, వంకాయ దురద, గోంగూర పులుపు. ఇట్లు ఒక్కొక్కటియే విస్తరిలోనుండి తప్పుకొన్నది. ఆరు వారములలో ఆమె 74 కిలోలనుండి 67 కిలోలకు దిగినది. చూడవచ్చినవారు "సన్నబడ్డారు పిన్నిగారూ, ఆపరేషను కలిసొచ్చింది" అని మెచ్చుకొనుచుండిరి. ఆమెయు మురిసినది. కాని కుర్చీలోనుండి చేతులానించక లేవలేకపోయెడిది. వ్యాయామము చేయించుటకు వచ్చు యువకుడు ఒకనాడు టేపు తీసి రెండు తొడలును కొలిచి, "ఏం తింటున్నారమ్మా?" అని అడిగినాడు. ఆమె చెప్పినది. అతడు వంటింటి గుమ్మము వరకు పోయి మా వదినగారితో, "మీరు పెట్టేది జ్వరం పథ్యం. ఈమెకు జ్వరం లేదు, గాయం ఉంది. ఈ తిండితో నేను చేయించే కసరత్తు కూడా కండను తినేస్తుంది" అన్నాడు. ఇంటిల్లిపాది అప్పటికి మేల్కొనిరి.

పథ్యమును నేను పరిహసింపను. జీర్ణశక్తి తగ్గినప్పుడు తేలికగా తినవలెనన్న పెద్దల మాట బుద్ధిగల మాట. "లంఖణం పరమౌషధం" అను నానుడి కూడ అజీర్ణమునకు, కొన్ని జ్వరములకు పుట్టినది. తొడ యెముకను కోసి లోహము బిగించిన వానిని గూర్చి పుట్టినది కాదు. చీము సూక్ష్మక్రిముల వలన పట్టును గాని కందిపప్పు వలన పట్టదు. ఆ క్రిములతో పోరాడు శక్తి మాంసకృత్తుల మీదనే ఆధారపడి యున్నది. అనగా చీము పట్టునను భయముతో ఏది మానుచున్నామో, అదియే చీము పట్టకుండ కాపాడునది. రొట్టె ముక్క రోగి ఆహారమని మనకెవరు నేర్పిరో గాని, అది మైదాపిండి. అన్నముకంటె దానిలో విశేషము లేదు. పప్పు అనగానే జంకు పెద్దలున్న యిండ్లలో పెసరపప్పుతో మొదలుపెట్టవచ్చును. మన పాత పథ్యములలో పెసరకట్టు ఉండనే యున్నది గదా. ఆ కట్టును పలుచని నీరుగా గాక గట్టిగా చేసి, పప్పుతో సహా వడ్డించినచో అవ్వలును ఆక్షేపింపరు.

ఎంత తినవలెను? హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి ప్రతి కిలో బరువునకు దినమొక్కింటికి 0.83 గ్రాము మాంసకృత్తులు చాలును. పెద్ద శస్త్రము జరిగినవారికి 1.2 నుండి 1.5 గ్రాముల వరకు కావలెనని వైద్యులు చెప్పుదురు. 60 కిలోల మనిషికి ఇది 70 నుండి 90 గ్రాములు. వినుటకు పెద్ద లెక్క వలె తోచును. మన వంటలలోనే యున్నది. ఉదయము రెండు పెసరట్లకు 60, 70 గ్రాముల పెసలు పట్టును. అందు 15 గ్రాములు. మధ్యాహ్నపు అన్నములో 6, ముద్దపప్పులో 6 లేక 7, గట్టి పెరుగు కప్పులో 6. సాయంకాలము వేరుసెనగ పలుకులు గుప్పెడు, 7. రాత్రి అన్నములోనో చపాతీలలోనో 6, రెండు కోడిగ్రుడ్లలో 12. దినములో రెండు గ్లాసుల పాలు, 12. కూడినచో 70 దాటును. గ్రుడ్డు ముట్టనివారు దానికి బదులు 75 గ్రాముల పనీరో, 25 గ్రాముల మీల్ మేకరో వండుకొనవచ్చును. చేప, కోడిమాంసము తినువారికి చింతయే లేదు.

మేక కాళ్ళ పాయా గురించి పలువురు అడుగుదురు. అరిగిన గుజ్జు దానివలన పెరుగునని నమ్మిక. కీలు మార్పించుకొన్న మోకాలిలో గుజ్జు లేదు, లోహమును ప్లాస్టిక్కును మాత్రమే యున్నవి. అవి పాయా త్రాగవు. పాయాలోని మాంసకృత్తు జిగురు జాతిది, కండ పెంచుటకు అంతగా చాలదు. అయినను వేడివేడిగా మిరియాలు వేసి ఇచ్చినచో చచ్చిన నోటికి రుచి పుట్టును. ఆ మాత్రమునకు త్రాగవలసినదే, కాని దానితోపాటు గ్రుడ్డో పప్పో కావలెను.

ఒకేసారి నిండు విస్తరి పెట్టుట మరియొక పొరపాటు. ఆకలి లేనివానికి విస్తరి చూడగనే కడుపు నిండును. దినమునకు ఆరు మార్లు, కొద్దికొద్దిగా, ముందు పప్పో గ్రుడ్డో తినిపించి పిదప అన్నము పెట్టవలెను. అల్లము, నిమ్మకాయ, కొత్తిమీర కారము, కరివేపాకు పొడి ఇవన్నియు పనికివచ్చును. నోటిలో లోహపు రుచి తోచుచున్నదనువారికి పులుపు కొంత మేలు చేయును. వ్యాయామమైన అరగంటలో ఒక గ్లాసు మజ్జిగో పాలో, గుప్పెడు గుగ్గిళ్ళో ఇచ్చినచో అది కండకు చక్కగా ఉపకరించును.

ఇక ఒక సున్నితమైన సంగతి. మన స్త్రీలు, ముఖ్యముగా పెద్దవారు, ఆపరేషను పిమ్మట తిండిని, నీటిని తమంతట తామే తగ్గించుకొందురు. నోరు తెరచి చెప్పరు. కారణము మరుగుదొడ్డి. క్రింద కూర్చుండరాదు, వాకరు పట్టుకొని పోవలెను, రాత్రి కోడలిని లేపవలెను. ఆ మొగమాటమున సాయంకాలము ఆరు దాటిన పిదప మంచినీళ్ళు ముట్టనివారిని నేనెరుగుదును. నీరు తగ్గినచో మలబద్ధకము, మూత్రములో మంట, తల తిరుగుట, తుదకు ఆకలి యంతరించుట. వంటింటిలో ఎన్ని మార్పులు చేసినను ఈ భయము తీరనిచో ఫలము లేదు. ఎత్తు కమోడు, గోడకు పట్టుకొనుటకు కమ్మి, రాత్రి వెలుగుచుండు చిన్న బల్బు, చేతికందునట్లు ఒక గంట. వీని ఖర్చు ఆపరేషను ఖర్చులో ఎన్నవ వంతు? ఆపరేషనుకు ముందే ఇవి అమర్చుకొనవలెను.

రెండు మూడు నెలలు గడచును. నొప్పి తగ్గును, మందులు ఆగును, ఆకలి మరలును. కొందరికి మునుపటికంటె ఎక్కువగా మరలును. ఇప్పుడు కథ అడ్డము తిరుగును. మోకాలు నొప్పి పోయినచో నడక పెరిగి, బరువు దానంతట అదియే తగ్గునని అందరును తలంతురు. అట్లు జరుగుట అరుదు. పెక్కుమంది బరువులో పెద్ద మార్పు లేకయే యుందురు. పెరుగువారును తక్కువ కాదు. పది యేండ్లు నొప్పితో కూర్చుండుటకు అలవాటు పడిన మనిషి, నొప్పి పోయిన మరునాడు లేచి తిరుగుట ప్రారంభింపడు. కూర్చుండు అలవాటు కీలుతో పాటు మారదు. ఇటు ఇంటివారు "నీరసంగా ఉన్నారు" అని సున్నుండలు చేసి డబ్బా నింపుదురు. దినమునకు 250 కాలరీలు ఎక్కువైనచో నెలకు ఒక కిలో క్రొవ్వు పెరుగును. ఒక సున్నుండ, చక్కెర వేసిన కాఫీ ఒకటి అదనముగా చేరిన చాలును, ఆ లెక్క తీరును. సున్నుండలో మినుముల బలము ఉన్న మాట నిజమే. నెయ్యి బెల్లముల బలము అంతకంటె ఎక్కువ. నీరసమునకు మందు కండ, కండకు కావలసినవి పప్పును, నడకయు.

బరువు పెరిగినచో నష్టమేమి? సమతలముపై నడచునప్పుడు మోకాలిపై పడు భారము శరీరపు బరువునకు రెండున్నర రెట్ల వరకు ఉండును. మెట్లు దిగునప్పుడు ఇంకను హెచ్చు. మోకాళ్ళ అరుగుదలతో బాధపడు వారిని పరిశీలించి, అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయమువారు 2005లో ప్రకటించినదేమనగా, శరీరము ఒక కిలో తగ్గినచో అడుగడుగునను మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని. క్రొత్త కీలు సంగతి అటుంచి, ఇంకను మార్పించని రెండవ మోకాలు ఉన్నది గదా. దానికి ఆపరేషను ముందుకు వచ్చుటయో, వెనుకకు జరుగుటయో కొంతవరకు ఈ కిలోల మీదనే యుండును. ఆకలి లేని నాడు తినిపించుట, ఆకలి వచ్చిన నాడు చేయి పట్టుట, రెండును ఆ వంటింటి పనులే. మొదటి రెండు నెలలలో బరువు తగ్గవలెనని ప్రయత్నింపరాదు. కుట్లు పూర్తిగా మాని, కుర్చీలోనుండి చేతులూనక లేవగలిగిన పిమ్మట, వైద్యునితో చెప్పి, అన్నము ఒక గరిటె తగ్గించి పప్పు తగ్గించకుండ మెల్లగా మొదలిడవలెను.

వారమునకు ఒకమారు, ఒకే కాటాపై, ఉదయము పరగడుపున బరువు చూచి క్యాలెండరుపై వ్రాసికొనుట మంచిది. మొదటి వాపు నీరు పోయిన పిదప నెలలో ఐదు పాళ్ళకు మించి, అనగా 60 కిలోల మనిషి మూడు కిలోలకు మించి తగ్గినచో వైద్యునికి చూపవలెను. తగ్గిన బరువుతో పాటు జ్వరము, కుట్ల వద్ద ఎరుపు, చెమ్మ కనబడినచో ఆ దినమే పోవలెను. పిక్క వాచి నొప్పి పెట్టినను, ఆయాసము వచ్చినను, విరేచనము నల్లగా తారు వలె అయినను ఆలస్యము తగదు. ఇనుము మాత్రలు వేసికొనువారికి రంగు నలుపగుట సహజమే గాని, తారు జిగురు, దుర్వాసన సహజము కాదు. ఏ కారణమును కనబడక, మనిషి మాటలాడక, గోడవైపు తిరిగి పడుకొని తిండి మానినచో అది దిగులు వ్యాధి కావచ్చును. దానికిని చికిత్స యున్నది.

చక్కెర వ్యాధి కలవారు ఇంకను జాగ్రత్త పడవలెను. తిండి సగమై, ఇన్సులినో మాత్రయో పూర్తిగా వేసికొన్నచో చక్కెర పడిపోయి చెమటలు పట్టి తూలిపోవచ్చును. మోతాదును వైద్యుడు సరిచూడవలెను. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు నేను చెప్పిన 70 గ్రాముల లెక్కను తమకు వర్తింపజేసికొనరాదు. వారి లెక్క వారి వైద్యుడే చెప్పవలెను.

కడపట, ఉపవాసములను గూర్చి. ఏకాదశి, కార్తిక సోమవారములు, శనివారపు ఒంటిపూట, రంజాను ఉపవాసములు ఎప్పుడు మొదలిడవచ్చునని వృద్ధులు అడుగుచుందురు. గాయము మాని, బరువు నిలకడపడి, వైద్యుడు సరే యనువరకు ఆగవలెను. కొందరికి అది మూడు నెలలు కావచ్చును, చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇంకను ఎక్కువ కావచ్చును. రోగికి మినహాయింపు అన్ని సంప్రదాయములలోను కలదు. పూజకు క్రింద కూర్చుండనవసరము లేదు, కుర్చీలో కూర్చుండి చేసికొనవచ్చును. ప్రసాదములో చక్కెరపొంగలికంటె గుగ్గిళ్ళు ఎక్కువగా చేయించుడు.